మౌరిటానియా: ఎలక్షన్లు జరుగుతూనే ఉన్నాయి, ప్రెసిడెంట్లు మాత్రం ఆర్మీ వాళ్లే... ప్రతిపక్షం ఎక్కడ దెబ్బతింది?

గోదారి గట్టు:

అందరికీ నమస్తే. కొన్ని నెలలుగా సహారా చుట్టుపక్కల దేశాల గురించి చదువుతున్నా. మాలీలో 2020లో ఒకసారి 2021లో ఇంకోసారి, బుర్కినా ఫాసోలో 2022లో ఒకే ఏడాది రెండుసార్లు, నైజర్‌లో 2023 జులైలో, ఇలా వరసపెట్టి ఆర్మీ వాళ్లు గద్దెలు లాక్కున్నారు. వీళ్ల పక్కనే ఉన్న మౌరిటానియా మాత్రం 2008 తర్వాత కదల్లేదు. అలాగని ఆ దేశానికి తిరుగుబాట్లు కొత్తా అంటే అస్సలు కాదు, 1978, 79, 80, 84, 2005, 2008, అన్నిసార్లు యూనిఫాం వాళ్లే ఒకర్ని దించి ఇంకొకర్ని ఎక్కించారు, మధ్యలో ఫెయిలైనవి వేరే.

నాకు అర్థం కానిదేంటంటే 1992 నుంచి అక్కడ ప్రెసిడెంట్ ఎలక్షన్లు జరుగుతూనే ఉన్నాయి, పార్టీలున్నాయి, సభలు పెడతారు, రిజల్ట్ వచ్చాక ప్రతి సారీ రిగ్గింగ్ అని గొడవ. ఇన్నేళ్లలో ప్రతిపక్షం ఒక్కసారి కూడా గెలవలేదు. ఈ మధ్య ఇంకో విషయం చదివి ఆశ్చర్యపోయా. పదేళ్లు ఏలిన మొహమ్మద్ ఉల్ద్ అబ్దెల్ అజీజ్‌కి 2025 మేలో అప్పీల్ కోర్టు 15 ఏళ్ల జైలు వేసింది, అది జరిగింది ఎవరి హయాంలో అంటే ఆయన ప్రాణస్నేహితుడు, తనే తెచ్చి కూర్చోబెట్టిన గజువానీ హయాంలో.

అక్కడి ఎలక్షన్‌లో నిజంగా ఏమైనా తేలుతుందా, లేక ముందే తేలిపోయినదానికి ముద్ర వేయడమేనా? ప్రతిపక్షం తప్పు ఎంత, వాళ్ల చేతిలో లేనిది ఎంత? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి, పెద్దగా ఉన్నా పర్లేదు చదువుతా.

---

సముద్రం పని:

తమ్ముడూ, నేను 2016 నుంచి 2020 దాకా నుఆదిబూలో ఒక చేపల పిండి ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చేశా. నేను రాజకీయాలు చదువుకున్నవాణ్ణి కాదు, చూసింది విన్నది రాస్తా, తప్పులుంటే మిగతావాళ్లు సరిచేస్తారు.

ముందు ఆ దేశం సైజు మనసులో పెట్టుకో. వైశాల్యం పది లక్షల చదరపు కిలోమీటర్ల పైనే, అంటే మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే వచ్చేదానికి దాదాపు నాలుగింతలు. జనం చూస్తే 50 లక్షల దగ్గర, హైదరాబాద్‌లో సగం. ఎక్కువ భాగం ఇసుకే. డబ్బు వచ్చేది మూడు నాలుగు చోట్ల నుంచి, జువెరాత్ దగ్గర ఇనుప ఖనిజం, అది ఏడు వందల కిలోమీటర్లు రైల్లో మా నుఆదిబూ రేవుకొస్తుంది, రెండు కిలోమీటర్ల పైన పొడవుండే రైలు, పోతుంటే ఆ చివర కనపడదు. తర్వాత చేపలు, బంగారం, ఇప్పుడు సముద్రంలో గ్యాస్. ఈ నాలుగింటి మీద ఎవరి చెయ్యుంటే దేశం వాళ్లదే. రేవు, గని, బోర్డర్ అన్నిటికీ కాపలా ఆర్మీనే కాబట్టి నువ్వడిగిన దాంట్లో సగం జవాబు అక్కడే ఉంది.

షిఫ్ట్ అయ్యాక గ్రీన్ టీ పెట్టేవాళ్లు, మూడు రౌండ్లు, ఒక్కో రౌండ్‌కి గ్లాసులోంచి గ్లాసులోకి నురగ వచ్చేదాకా పోస్తూనే ఉంటారు, గంట గంటన్నర పడుతుంది. రాజకీయం అంతా ఆ గంటన్నరలోనే. కానీ నేను గమనించింది ఏంటంటే ఎవరెవరు కూర్చున్నారన్నదాన్ని బట్టి మాట మారిపోయేది. మా దగ్గర ఆఫీసులో ఉండేవాళ్లు ఎక్కువగా తెల్ల మూర్లు, అంటే అరబ్-బెర్బర్ మూలాలవాళ్లు, అరబిక్ మాట్లాడతారు, వాళ్లని బీదాన్ అంటారు. కింద లోడింగ్‌లో, బాయిలర్ దగ్గర హరతీన్లు, అంటే ఒకప్పుడు బానిసలుగా ఉన్నవాళ్ల సంతానం, వాళ్లూ అదే అరబిక్ యాసే మాట్లాడతారు. సెనెగల్ నది ఒడ్డు నుంచి వచ్చిన నల్లజాతివాళ్లు వేరే, పులార్, సొనింకే, వొలోఫ్ భాషలు వాళ్లవి. ముగ్గురూ ఒక చోట కూర్చుంటే ఫుట్‌బాల్ మాట్లాడుకునేవాళ్లు. ఒక్క గుంపే ఉన్నప్పుడే ఎలక్షన్ మాట వచ్చేది.

2019 జూన్ 22న పోలింగ్. గజువానీకి 52 శాతం, బానిసత్వం మీద పోరాడే బిరామ్ దాహ్ అబేద్‌కి 18 పైచిలుకు, మాజీ ప్రధాని సిదీ మొహమ్మద్ ఉల్ద్ బుబకర్‌కి దాదాపు 18. కౌంటింగ్ పూర్తిగా అవ్వకముందే గజువానీ నేనే గెలిచానని చెప్పేసుకున్నాడు, ప్రతిపక్షం వాళ్లంతా కలిసి ఒప్పుకోం అన్నారు, ఇంక ఇంటర్నెట్ పీకేశారు. మాకు రోజుల తరబడి నెట్ లేదు. మా ఇంట్లో వాళ్లు నాకేమైందో అని కంగారుపడి ఏజెంటుకి ఫోన్ల మీద ఫోన్లు. మా బాయిలర్ దగ్గర పనిచేసే కుర్రాడు, కయీదీ ఊరివాడు, రూంలోంచి బయటికి రాలేదు, ఎందుకంటే గొడవలకి పొరుగుదేశాల వాళ్లే కారణమని గవర్నమెంటు చెప్పింది, పట్టుకున్నవాళ్లలో సెనెగల్ వాళ్లు కూడా ఉన్నారు, ఇతని మొహం చూసి సెనెగల్ వాడనుకుంటారని భయం. ఈ దేశంలో పుట్టినవాడు, ఓటేసినవాడు.

52 అంటే రెండో రౌండ్ లేకుండా సరిపోయేంత, అంతే. అదే 49 అయ్యుంటే ప్రతిపక్ష అభ్యర్థులంతా ఒక్కటయ్యేవాళ్లు. అందుకే అక్కడ ఎవరిని కదిపినా ఆ రెండు శాతం గురించే మాట్లాడతారు.

---

పాత పేపర్లు:

పైన అన్నయ్య బాగా రాశారు. నేను చరిత్ర వైపు నుంచి చెప్తా, ఎందుకంటే ప్రతిపక్షం ఎక్కడ దెబ్బతింది అన్నదానికి ఒక్క మనిషి కథ చాలు, అహ్మద్ ఉల్ద్ దద్దాహ్. (అక్కడ ఉల్ద్ అంటే ఫలానావారి కొడుకు అని, పేరులో భాగం.)

1960 నవంబర్ 28న ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. మొదటి ప్రెసిడెంట్ మొఖ్తార్ ఉల్ద్ దద్దాహ్, ఒకే పార్టీ పాలన. 1975లో పశ్చిమ సహారాలో భాగం కోసం మొరాకోతో కలిసి యుద్ధంలోకి దిగాడు. పశ్చిమ సహారా స్వాతంత్ర్యం కోసం పోరాడే పోలిసారియో గెరిల్లాలు ఇనుప ఖనిజం రైలు మీదే దెబ్బ మీద దెబ్బ కొట్టారు, దేశం దివాలా అంచుకొచ్చింది, 1978 జులైలో ఆర్మీ ఆయన్ని దించేసింది. ఆర్మీ రాజకీయంలోకి రావడం అక్కడ మొదలైంది, తర్వాత బ్యారక్‌లోకి తిరిగి వెళ్లనే లేదు. 1984 డిసెంబర్‌లో మావియా ఉల్ద్ సిద్ అహ్మద్ తాయా వచ్చాడు, ఇరవై ఏళ్లు ఉన్నాడు.

తాయా 1991లో కొత్త రాజ్యాంగం పెట్టి పార్టీలకి పర్మిషన్ ఇచ్చాడు. 1992 జనవరిలో ఎలక్షన్. ఎదురు నిలబడింది అహ్మద్ ఉల్ద్ దద్దాహ్, మొదటి ప్రెసిడెంట్‌కి సవతి తమ్ముడు, ఆర్థికవేత్త. తాయాకి దాదాపు 63 శాతం, ఈయనకి 33 దగ్గర. రిగ్గింగ్ అన్నారు, ఆ కోపంలో అదే ఏడాది పార్లమెంటు ఎలక్షన్‌ని బాయ్‌కాట్ చేశారు, పార్లమెంటు మొత్తం తాయా పార్టీ చేతికి పోయింది. 1997లో ప్రెసిడెంట్ ఎలక్షన్‌కీ బాయ్‌కాట్, తాయాకి 90 శాతం. 2000లో అహ్మద్ పార్టీని గవర్నమెంటు రద్దు చేసింది, 2002లో మెసౌద్ ఉల్ద్ బుల్ఖైర్ పార్టీని రద్దు చేసింది, ఈయన హరతీన్ నాయకుడు, బానిసత్వం మీద పోరాడిన తరం మనిషి.

2003 ఎలక్షన్ అయితే చదువుతుంటే బాధేస్తుంది. జూన్‌లో ఒక తిరుగుబాటు ఫెయిలైంది, రాజధాని నువాక్షోత్ వీధుల్లో రెండు రోజులు ట్యాంకులు. నవంబర్‌లో ఎలక్షన్ పెడితే ప్రతిపక్షాల్లో చాలామంది వెనక చేరింది మొహమ్మద్ ఖునా ఉల్ద్ హైదల్లా వెనక. ఆయనెవరు, 1984లో తాయా దించేసిన మిలిటరీ పాలకుడే! సివిలియన్ నాయకుల మీద నమ్మకం ఎంత తగ్గిపోయిందో చూడండి, ఒక సైనికుణ్ణి దించడానికి ఇంకో పాత సైనికుణ్ణి వెతుక్కున్నారు. ఆయన్ని పోలింగ్ ముందురోజు అరెస్ట్ చేసి వదిలారు, పోలింగ్ అయిపోగానే మళ్లీ అరెస్ట్ చేశారు. తాయాకి 67 శాతం వచ్చిందని ప్రకటించారు.

2005 ఆగస్టు 3న తాయా సౌదీ రాజు ఫహద్ అంత్యక్రియలకి పోయి వచ్చేలోపు ఆయన సొంత పోలీస్ చీఫ్ ఎలీ ఉల్ద్ మొహమ్మద్ వాల్, గార్డుల కమాండర్ అజీజ్ కలిసి గద్దె లాక్కున్నారు. జనం వీధుల్లోకొచ్చి పండగ చేసుకున్నారు. ఈసారి మాత్రం వాల్ మాట నిలబెట్టుకున్నాడు, ఆర్మీ కౌన్సిల్‌లో ఉన్నవాళ్లెవరూ పోటీ చేయకూడదని రూల్ పెట్టాడు, చెప్పినదానికంటే ముందే, 19 నెలల్లో ఎలక్షన్ పెట్టేశాడు.

2007 మార్చి ఎలక్షన్. ఆ దేశ చరిత్రలో ఎవరు గెలుస్తారో ముందు తెలియని ఎలక్షన్ అదొక్కటే అంటే తప్పు లేదు. మొదటి రౌండ్‌లో సిదీ ఉల్ద్ షేక్ అబ్దల్లాహికి 25 దగ్గర, అహ్మద్‌కి 21 దగ్గర, జైన్ ఉల్ద్ జైదాన్‌కి 15, మెసౌద్‌కి దాదాపు 10. రెండో రౌండ్‌లో సిదీ 52.85, అహ్మద్ 47.15. ఓడింది ఎక్కడ? మూడో స్థానం జైదాన్, నాలుగో స్థానం మెసౌద్ ఇద్దరూ సిదీ వైపు వెళ్లారు. జైదాన్ ప్రధానమంత్రి అయ్యాడు, మెసౌద్ పార్లమెంటు స్పీకర్ అయ్యాడు. సిదీ వెనక ఆర్మీ ఉందని అప్పట్లోనే అందరూ అన్నారు. కానీ మెసౌద్ మీద పూర్తి తప్పు వేయలేను, ఒక హరతీన్ బిడ్డ స్పీకర్ కుర్చీలో కూర్చోవడం, అదే ఏడాది ఆగస్టులో బానిసల్ని ఉంచుకోవడం నేరం అని చట్టం రావడం, ఈ రెండూ చిన్న విషయాలు కావు. బానిసత్వం రద్దు అని 1981లోనే ప్రకటించారు గానీ శిక్ష మాత్రం 2007దాకా లేదు.

ఇక అసలు దెబ్బ. 2008లో సిదీకి, జనరల్స్‌కి చెడింది. ఆగస్టు మొదట్లో పాలక పార్టీ నుంచి 48 మంది ఎంపీలు, సెనేటర్లు ఒకేసారి బయటికొచ్చేశారు. ఆగస్టు 6 పొద్దున సిదీ ఆర్మీ పెద్దల్ని డిస్మిస్ చేస్తూ ఆర్డర్ ఇచ్చాడు, అందులో అజీజ్, గజువానీ ఇద్దరూ ఉన్నారు, కొన్ని గంటల్లోనే అజీజ్ ప్రెసిడెంట్‌ని అరెస్ట్ చేయించాడు. అప్పుడు పదిహేనేళ్లుగా ఆర్మీ పాలన మీద పోరాడిన అహ్మద్ ఉల్ద్ దద్దాహ్ ఏం చేయాలి? ఆయన పార్టీ మొదట్లో ఆ తిరుగుబాటుని తప్పు పట్టలేదు, సమర్థించింది. సిదీని ఆర్మీనే గెలిపించిందన్న మంట ఉండొచ్చు, కొత్త ఎలక్షన్ పెడితే ఈసారి నా వంతే అన్న ఆశ ఉండొచ్చు. అజీజ్ తానే నిలబడతానని తేలాక గానీ ఆయన ఎదురు తిరగలేదు. అప్పటికే ప్రతిపక్షం రెండు ముక్కలు. 2009 జులై 18 ఎలక్షన్‌లో అజీజ్ 52.6, మెసౌద్ 16.3, అహ్మద్ 13.7. రెండేళ్ల ముందు 47 శాతం తెచ్చుకున్న మనిషి 13కి పడిపోయాడు. ఎలక్షన్ కమిషన్ ఛైర్మనే రిజల్ట్ మీద అనుమానాలున్నాయని రాజీనామా చేశాడు, అయినా ఏం మారలేదు.

నా మట్టుకు నాకు అహ్మద్ ఉల్ద్ దద్దాహ్ చెడ్డవాడు అనిపించడు, జైళ్లు చూశాడు, పార్టీ రద్దు చూశాడు. కానీ 2008 ఆగస్టులో ఆ ఒక్క వారం ఆయన వేరేగా మాట్లాడి ఉంటే దేశం వేరేగా ఉండేదేమో అని మాత్రం నాకు గట్టిగా అనిపిస్తుంది.

---

కరీంనగర్ మేడం:

మంచి చర్చ. నేను పొలిటికల్ సైన్స్ చెప్తాను కాబట్టి రూల్స్ వైపు నుంచి కొన్ని మాటలు, ఎందుకంటే రిగ్గింగ్ అంటే బూత్‌లో డబ్బా ఎత్తుకపోవుడే అనుకుంటం, అక్కడ ఆట బూత్ దాకా రాకముందే అయిపోతది.

మౌరిటానియాలో ప్రెసిడెంట్‌గా పోటీ చేయాలంటే వంద మంది మున్సిపల్ కౌన్సిలర్ల సంతకాలు కావాలె, అందులో ఐదుగురు మేయర్లు ఉండాలె. మన రాష్ట్రపతి ఎన్నికలో కూడ యాభై మంది ప్రతిపాదించాలె యాభై మంది బలపరచాలె అని ఉంటది, కానీ మన దగ్గర ఆ ఎన్నికలో ఓటేసేదే ఎమ్మెల్యేలు ఎంపీలు. అక్కడేమో ఓటేసేది ప్రజలు, ప్రజల ముందుకు ఎవరు రావాల్నో తేల్చేది మాత్రం కౌన్సిలర్లు. ఆ కౌన్సిలర్లలో అత్యధికులు పాలక పార్టీవాళ్లు. అంటే గెలిచే భయం లేని ప్రతిపక్షానికి సంతకాలు దొరుకుతయ్, ఇబ్బంది పెట్టేటోనికి దొరకవు. 2024లో జైల్లో ఉన్న అజీజ్ కూడ నామినేషన్‌కి ప్రయత్నం చేసిండు, సరిపడా సంతకాలు లేవని రాజ్యాంగ మండలి తిరస్కరించింది. ఆయన పదేండ్లు నడిపించిన పద్ధతే ఆయనకు అడ్డం పడ్డది.

రెండోది పార్టీ గుర్తింపు. బిరామ్ దాహ్ అబేద్ ఇప్పుడు నంబర్ వన్ ప్రతిపక్ష నాయకుడు, 2014 నుంచి మూడు ఎన్నికల్లో వరసగా రెండో స్థానం, 8.7 నుంచి 18.6, 2024లో 22.1 శాతం. బానిసత్వ వ్యతిరేక పోరాటానికి 2013లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల బహుమతి వచ్చింది. ఇట్లాంటి మనిషికి సొంత పార్టీకి గుర్తింపు ఇయ్యలేదు. 2018లో ఎంపీగా గెలిచింది కూడ సవాబ్ అనే వేరే చిన్న పార్టీ లిస్టు మీద, అదీ జైల్లో ఉండి. ఆ సవాబ్ ఏమో అరబ్ జాతీయవాద బాత్ సిద్ధాంతం పార్టీ, ఆయనేమో హరతీన్ల హక్కుల మనిషి, ఇద్దరికీ సిద్ధాంతం ఎక్కడా కలవదు. గుర్తింపు దొరకక ఇట్ల కలవాల్సి వచ్చింది.

మూడోది బాయ్‌కాట్. దీని మీద నా అభిప్రాయం గట్టిగనే చెప్త, బాయ్‌కాట్ అక్కడి ప్రతిపక్షానికి అలవాటైపోయిన తప్పు. 2013 పార్లమెంటు ఎన్నికల్ని పెద్ద పార్టీలు చాలా వరకు వదిలేసినయ్, బాయ్‌కాట్ అన్న కూటమిలకెల్లి ఇస్లామిస్ట్ పార్టీ తవస్సూల్ ఒక్కటి పోయింది, 16 సీట్లు తెచ్చుకుని అధికారిక ప్రతిపక్షం అయింది. 2014 ప్రెసిడెంట్ ఎన్నిక మళ్ల బాయ్‌కాట్, అజీజ్‌కి 82 శాతం దగ్గర. 2017లో ఇంకా ఘోరం. అజీజ్ సెనేట్‌ని రద్దు చేద్దాం, జెండాకి ఎర్ర గీతలు కలుపుదాం అన్నడు. సెనేట్‌లో ఆయన మెజారిటీనే ఉన్నా సెనేటర్లు మార్చిలో ఓటేసి వద్దన్నరు. అది నిజంగ ధైర్యం. అప్పుడాయన సెనేట్‌ని పక్కకు పెట్టి ఆగస్టులో రెఫరెండం పెట్టిండు, ప్రతిపక్షం బాయ్‌కాట్, 85 శాతం అవును అన్నరని ప్రకటించి సెనేటే తీసేసిండు. మన దగ్గర 1985లో శాసనమండలి తీసేసిండ్రు, 2007లో మళ్ల వచ్చింది, కానీ ఆ రెండూ చట్టసభలో తీర్మానం పెట్టి పార్లమెంటు దాకా పోయిన పనులు. అక్కడ ఎదురు చెప్పిన సభనే లేకుండ చేసిండ్రు.

---

నెల్లూరు టు డాకర్:

మేడం గారూ, బాయ్‌కాట్ గురించి మీరు అన్నదాంతో నేను ఒప్పుకోలేకపోతున్నా. నేను సెనెగల్‌లో బియ్యం వ్యాపారంలో ఉంటా, రోసో దగ్గర నది దాటితే మౌరిటానియానే, అక్కడి కొనుగోలుదార్లతో పదేళ్లుగా మాట్లాడుతున్నా. ఎలక్షన్‌కి వెళ్లినప్పుడు మాత్రం వాళ్లకి ఏం ఒరిగిందండీ? 1992లో వెళ్లారు ఓడారు, 2009లో వెళ్లారు ఓడారు, 2019లో, 2024లో వెళ్లారు. ప్రతి సారీ మొదటి రౌండ్‌లోనే యాభై దాటించేస్తున్నారు. వెళ్తే మీరూ పోటీ చేశారుగా అంటారు, వెళ్లకపోతే మీరే రాలేదుగా అంటారు. ఆ పరిస్థితిలో ఉన్నవాళ్లని తప్పుపట్టడం మనకి సులువు.

పైగా ఊళ్లలో ఓటు ఎట్లా పడుతుందో చూడాలి. తెగ పెద్ద ఎటు చెప్తే అటు. ఆ పెద్దకి గవర్నమెంటుతో పని ఉంటుంది, బావి కావాలి, కొడుక్కి ఉద్యోగం కావాలి, కరువొస్తే పశువులకి దాణా కావాలి. కాబట్టి ఎవరు అధికారంలో ఉంటే వాళ్లకే. ఇందులో బూత్ ఆక్రమించే పనే లేదు. ప్రతిపక్షం బలం నువాక్షోత్, నుఆదిబూ లాంటి సిటీల్లోనే, ఎడారి లోపల జిల్లాల ఓటు వచ్చేసరికి లెక్క మారిపోతుంది.

ఇంకోటి, మా వైపు జనం 2019 కంటే 1989నే ఎక్కువ తలుచుకుంటారు. సెనెగల్‌తో గొడవ పేరు చెప్పి పదుల వేలమంది నల్లజాతి మౌరిటానియన్లని నది ఇవతలికి తరిమేశారు, కార్డులు చింపేసి. తర్వాత 1990లో స్వాతంత్ర్య దినం నాడే, నవంబర్ 28న, ఇనాల్ అనే చోట 28 మంది నల్లజాతి సైనికుల్ని ఉరితీశారు. 1993లో దాని మీద ఎవర్నీ విచారించకూడదని క్షమాభిక్ష చట్టం చేశారు. ఆ కుటుంబాలు ఇప్పటికీ నవంబర్ 28 వస్తే జెండా పండగ చేసుకోవు, దుఃఖదినం పాటిస్తాయి. వాళ్ల దృష్టిలో తాయా, అజీజ్, గజువానీ వేరు వేరు గవర్నమెంట్లు కావు.

---

కరీంనగర్ మేడం:

@నెల్లూరు టు డాకర్ ఇనాల్ సంగతి మీరు తెచ్చినందుకు థాంక్స్ అండి, నేను రాయాల్సింది, మర్చిపోయిన. తెగ పెద్దల ఓటు గురించి కూడ మీరు చెప్పింది కరెక్టే.

అయినా బాయ్‌కాట్ విషయంల నా మాట మార్చుకోను. ఎందుకంటే సంతకాలు ఇచ్చేది కౌన్సిలర్లు, కౌన్సిలర్లు వచ్చేది లోకల్ ఎన్నికల నుంచి. 2013లో పార్లమెంటుతో పాటే మున్సిపల్ ఎన్నికలు కూడ జరిగినయ్, వీళ్లు అవి కూడ వదిలేసిండ్రు. ప్రెసిడెంట్ ఎన్నిక గెలవకపోయినా కౌన్సిలర్లు మీ దగ్గర ఉంటే మీ అభ్యర్థిని ఎవరూ ఆపలేరు. 2023 ఎన్నికల్లో పాలక పార్టీ ఇన్సాఫ్‌కి 176లో 107 సీట్లు, తవస్సూల్‌కి 11. కింద స్థాయి వదిలేసి పైన ఒక్క కుర్చీ కోసం కొట్లాడితే ఇట్లనే అయితది.

---

గోదారి గట్టు:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. రెండు విషయాలు ఇంకా తెలుసుకోవాలనుంది. 2008 తర్వాత తిరుగుబాటు ఎందుకు రాలేదు? అజీజ్ మూడోసారి ఎందుకు నిలబడలేదు, అంత పట్టు ఉన్నవాడు రాజ్యాంగం మార్చుకోలేడా? చుట్టుపక్కల చాలామంది అదే చేశారుగా.

---

పాత పేపర్లు:

రెండోది ముందు చెప్తా. 2006లో వాల్ టైంలో రెఫరెండం పెట్టి రాజ్యాంగంలో రెండు టర్ములే అని రాశారు, అక్కడితో ఆగలేదు. ప్రెసిడెంట్ ప్రమాణం చేసేటప్పుడే ఈ టర్ముల రూల్ మార్చే ఏ ప్రయత్నం నేను చేయను, ఎవరన్నా చేస్తే సపోర్ట్ చేయను అని దేవుడి మీద ప్రమాణం చేయాలి. 2019 జనవరిలో అజీజ్ ఎంపీలు మూడో టర్ము కోసం సంతకాల సేకరణ మొదలుపెట్టారు, ఆయనే ఆపమని ప్రకటన ఇచ్చాడు. ప్రమాణం భయమో, బయటి దేశాల ఒత్తిడో, స్నేహితుడు కుర్చీలో ఉంటే రిమోట్ నా చేతిలోనే అనుకున్నాడో మనం చెప్పలేం. తర్వాత జరిగింది చూస్తే మాత్రం ఆ రిమోట్ ఆలోచనే కారణం అనిపిస్తుంది, ఎందుకంటే దిగిన కొన్ని నెలలకే, 2019 నవంబర్‌లో, వచ్చి పాలక పార్టీ మీద పట్టు కోసం ప్రయత్నించాడు. గజువానీ ఒప్పుకోలేదు. 2020లో పార్లమెంటు ఎంక్వైరీ కమిటీ, 2021లో కేసులు, అరెస్టు, 2023 డిసెంబర్‌లో ఐదేళ్లు, అప్పీల్‌లో అది 15 అయింది. అక్రమాస్తులు నిజమే అయ్యుండొచ్చు, కానీ ఆ ఫైళ్లన్నీ పదేళ్లు తెరవకుండా, వాళ్లిద్దరికీ చెడ్డాకే తెరిచారు.

మొదటిదానికి నా లెక్క ఇదీ. మాలీ, బుర్కినా, నైజర్‌లో తిరుగుబాటు చేసిన ఆఫీసర్లు చెప్పిన కారణం ఒకటే, జిహాదీలు మా సైనికుల్ని చంపుతుంటే సివిలియన్ ప్రెసిడెంట్‌కి పట్టడంలేదని. మౌరిటానియాకీ ఆ దెబ్బలు తగిలాయి, 2005లో లెమ్‌ఘేతీలో 15 మంది సైనికులు చనిపోయారు, 2007 చివర్లో ఫ్రెంచ్ టూరిస్టుల్ని చంపడంతో 2008 డాకర్ ర్యాలీ అనే ఎడారి మోటారు రేసే రద్దయింది. కానీ తర్వాత ప్రెసిడెంట్ అయిన అజీజే జనరల్, ఆర్మీ చీఫ్‌గా పదేళ్లూ గజువానీనే. జీతాలు పెరిగాయి, ఎడారిలో తిరిగే ప్రత్యేక దళాలు వచ్చాయి, 2011 తర్వాత పెద్ద దాడి లేదు. ఆర్మీకి ఎవరి మీద తిరగబడాలి, కుర్చీలో ఉన్నది వాళ్ల మనిషే అయితే?

అందుకని ప్రతిపక్షానికి అక్కడ రెండు గెలుపులు కావాలి. ఓట్లలో గెలవాలి, ఆ తర్వాత ప్రెసిడెన్షియల్ గార్డు కమాండర్‌ని మార్చే ఆర్డర్ మీద సంతకం పెట్టి మర్నాటిదాకా కుర్చీలో ఉండాలి. సిదీ ఆ రెండోది దాటలేకపోయాడు.

---

సముద్రం పని:

ఒక్క విషయం కలపాలి. మేడం గారు సంతకాల గురించి రాశారు, దానికంటే ముందు ఇంకో మెట్టు ఉంది, ఓటరు లిస్టులో పేరు. 2011లో బయోమెట్రిక్ జనాభా నమోదు మొదలుపెట్టినప్పుడు నది వైపు వాళ్లని మీరు మౌరిటానియన్లే అని ఎలా నమ్మాలి అని అడ్డమైన ప్రశ్నలు వేశారంట, తల్లిదండ్రుల కాగితాలు తెమ్మన్నారు. 1989లో కార్డులు చింపేసినవాళ్ల పిల్లలు ఎక్కడ నుంచి తెస్తారు? అప్పుడు నా జాతీయత జోలికి రావద్దు అని పెద్ద ఉద్యమం జరిగింది, కయీదీలో, మఘామాలో గొడవలు, మఘామాలో ఒక కుర్రాడు భద్రతా దళాల కాల్పుల్లో చనిపోయాడు. మా బాయిలర్ కుర్రాడు ఆ కార్డు కోసం మూడేళ్లు తిరిగానని చెప్పాడు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకునేవాడు, బాయిలర్ వేడికి పాడవుతుందని పని మొదలుపెట్టేముందు తీసి నాకిచ్చేవాడు, షిఫ్ట్ అయ్యాక తీసుకునేవాడు.

2024 జూన్ 29 ఎలక్షన్ తర్వాత కయీదీలో గొడవలయ్యాయని, పట్టుకెళ్లినవాళ్లలో కనీసం ముగ్గురు చనిపోయారని వార్త చూశా. గవర్నమెంటే ఒప్పుకుంది. గజువానీకి 56 శాతం, బిరామ్ రిజల్ట్ ఒప్పుకోనన్నాడు, ఫోన్లలో నెట్ మళ్లీ ఆపేశారు. నేను ఇక్కడ విశాఖలో కూర్చుని అతనికి రోజూ ఒక మెసేజ్ పెట్టేవాణ్ణి, ఒక్క టిక్కే పడేది. జులై చివర్లో ఒక పొద్దున రెండు టిక్కులు పడ్డాయి. వాయిస్ మెసేజ్ పంపాడు, మొదట ఫీడ్ పంప్ సీల్ ఊరికే లీకవుతోంది ఏ సైజు వేయాలని అడిగాడు, చివర్లో మా తమ్ముడు ఇంటికొచ్చాడు, బానే ఉన్నాడు, కార్డు మాత్రం స్టేషన్‌లో ఉండిపోయింది అన్నాడు.